పానాల మీది పేర్లు

మా ఇంట్లో స్టీలు గిన్నె కొంటే పేరు కొట్టించకుండా వాడకంలోకి తీసుకునేవాళ్లం కాదు. ఎవరి పెళ్లికి ఎవరు పెట్టారో, ఏ సంవత్సరమో గిన్నె తిప్పి చదివితే తెలిసిపోయేది. అలాంటి ఇంట్లో పెరిగిన నేను, నాన్న పోయిన నెలలో ఆయన పనిముట్ల పెట్టెలో ఒక్క వస్తువు కూడా తిప్పి చూడకుండా "గ్రీజు కంపు, ముందు తీసెయ్యండి" అన్నాను.

నాన్న విజయవాడ ఆటోనగర్‌లో లారీ మెకానిక్కు. ఆ పెద్ద పెట్టెని తమ్ముడు పాత ఇనుము కొనేవాడికి కాటా వేసి ఇచ్చేశాడు. తప్పు వాడొక్కడిదే అనను. నేనూ పక్కనే నిలబడ్డాను. కాటా సరిగ్గా తూచాడా లేదా అన్నది మాత్రం జాగ్రత్తగా చూశాను!

చిన్న పెట్టె ఒకటి మిగిలింది. స్టోరు గదిలో బియ్యం డ్రమ్ము కింద ఎత్తు కోసం పెట్టి ఉండబట్టి బతికిపోయింది. మొన్న సంక్రాంతికి ఇల్లు దులుపుతుంటే బయటపడింది. ఈసారి మాత్రం తిప్పి చూశాను.

మీలో ఎవరికైనా ఇలాంటి పెట్టె దొరికితే ఒక మాట. ఇత్తడి సామాన్లకి లాగా చింతపండు పెట్టి తోమకండి. పులుపు తుప్పుతో పాటు సన్నటి అక్షరాలని కూడా తినేస్తుంది. కిరసనాయిలు ఇప్పుడెక్కడ దొరుకుతుంది, నేను కాస్త డీజిల్, పాత టూత్‌బ్రష్‌తో పని కానిచ్చాను. ఆరాక అక్షరాలున్న చోట ముగ్గుపిండి రుద్ది, పైపైన తుడిస్తే లోపలి గీతలు తెల్లగా నిలబడతాయి. శాసనాలు చదివేవాళ్లు పడే అవస్థ డిగ్రీలో పాఠంగా విన్నాను కానీ, పడింది మాత్రం మా వంటింటి గట్టు మీదే.

ఒక పానా మీద 1943 అని, పక్కన కాకి కాలు లాంటి గుర్తు. నాన్నే గీసుకున్నారనుకున్నాను. కాదట. అది బ్రిటిష్ ప్రభుత్వం తన సొత్తు మీద వేసుకునే బాణం గుర్తు. యుద్ధం అయ్యాక మిగిలిపోయిన సైనిక సామాను మన దేశంలో చాలా అమ్మేశారు. ఆ పానా నాన్నకి పని నేర్పిన మేస్త్రీ ఇచ్చిందని అమ్మ అంది.

ఇంకోదాని మీద '1/2 డబ్ల్యు' అని ఉంది. దాని నోరు స్కేలుతో కొలిస్తే అర అంగుళం కాదు, ముప్పావు కంటే కూడా ఎక్కువ. కొలత తప్పేమో అనుకుని రెండుసార్లు చూశాను. అది విట్‌వర్త్ కొలత. ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ 1841లో మరలకి ఒకే పద్ధతి ఉండాలని ప్రతిపాదించాడు. ఆ లెక్కలో పానా మీది అంకె పానా నోటిది కాదు, బోల్టు లావుది. టాటా వాళ్లు 1954లో బెంజ్‌తో కలిసి లారీలు మొదలుపెట్టారు. 1956లో మెట్రిక్ చట్టం వచ్చింది. మెల్లగా మిల్లీమీటర్ల నట్లు పెరిగి, ఈ అంగుళాల పానాలకి పని తగ్గింది. డ్రమ్ము కిందకి ఎందుకు చేరాయో అప్పుడర్థమైంది.

మూడోది గెడోర్. 1919లో జర్మనీలోని రెమ్‌షైడ్‌లో డోవిడాట్ అన్నదమ్ములు పెట్టిన కంపెనీ. వాళ్ల భాషలో 'అన్నదమ్ములు', ఇంటిపేరు, ఊరిపేరు, మూడింటి మొదటి ముక్కలూ కలిపితే ఆ పేరు. నేను మురిసిపోతుంటే కింద ఇంకాస్త పిండి రుద్దాక 'ఇండియా' అని తేలింది. ఆ పేరుతో ఇక్కడ కూడా తయారయ్యేవి. "లోకలేనన్నమాట" అన్నారు మావారు. నాకూ ఒక్క క్షణం చప్పగా అనిపించింది, దాచుకోవడమెందుకు. తర్వాత సిగ్గేసింది. 'వెస్ట్ జర్మనీ' అని ఉంటే 1949కీ 1990కీ మధ్యదని తెలుస్తుంది, మంచిదే. అయితే నాన్న చెయ్యి ఆ పేరు చూసి బిగించిందా?

పేర్లు వెతికేవాళ్లలో ఎక్కువమంది చివరికి అడిగేది ఒక్కటే, ఇప్పుడిది ఎంత పలుకుతుంది అని. ఇనుము కొనేవాడు కేజీల్లో అడిగాడు, వీళ్లు పేరులో అడుగుతారు. నాకు పెద్ద తేడా కనిపించలేదు. అమ్మ గొలుసు ఏ కొట్టులో చేయించారో మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆ గొలుసుకి డబ్బు తెచ్చిన పానా ఎవరు చేశారో ఒక్కరికీ తెలియదు. బంగారం, గిన్నెలు పంచుకునేటప్పుడు జాబితా రాశాం. పనిముట్లని జాబితాలో పెట్టాలని ఆడవాళ్లం మాకూ తోచలేదు, 'మగవాళ్ల సామాను' అనేసుకున్నాం. పేరు చూసి వస్తువుని గుర్తుపట్టడం మనకి రాని విద్యా?

పెట్టె అడుగున సాకెట్లు తొమ్మిది, నాలుగు రకాల పేర్లతో. ఒకే పిడికి సాకెట్లు మార్చుకుంటూ వాడే పద్ధతితోనే అమెరికాలో స్నాప్-ఆన్ వాళ్లు 1920లో వ్యాపారం మొదలుపెట్టారు, అయిదు పిడులు, పది సాకెట్లతో. నాన్న సెట్టు ఏ కంపెనీ సెట్టూ కాదు. పోయినదల్లా దొరికినదానితో నింపుకున్నారు. వాటి మధ్య అన్నింటికంటే అరిగిపోయిన వంకర కడ్డీ ఒకటి, ఏ పేరూ లేదు. రెండు రాత్రులు ఫోనులో బొమ్మలు పోల్చి చూశాను. ఏదీ కలవలేదు.

పక్క గదిలో పప్పు ఏరుకుంటున్న అమ్మ దగ్గరకి తీసుకెళ్లాను. ఒక్కసారి చేతిలోకి తీసుకుని, "ఇది మన వీధి చివర కమ్మరి చేసిచ్చాడు, లారీ కమాన్ పట్టీ కోసి. నువ్వు పుట్టిన ఏడు. డబ్బులొద్దంటే నేనే రెండు మానికల బియ్యం పంపించాను" అంది. తర్వాత చేట పక్కకి పెట్టి, "పెద్ద పెట్టెలో ఏవేం ఉండేవో చెప్తాను, రాసుకో" అంది.

ఇప్పటికి ముప్పై ఒకటి రాశాను.