ఫార్మాట్ కొట్టించే ముందు



కంప్యూటర్ ఆన్ చేయగానే నీలి తెర వచ్చి, మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అవుతుంటే మనం ఏం చేస్తాం? శిరివెళ్ల నుండి నంద్యాలకో ఆళ్లగడ్డకో మోసుకుపోయి, "ఫార్మాట్ కొట్టేయన్నా" అంటాం. అది మొదటి మందు కాకూడదని నా అభిప్రాయం. అందులో పిల్లల సర్టిఫికెట్లు ఉంటాయి, కన్నుమూసిన పెద్దల ఫోటోలు ఉంటాయి. విండోస్ మళ్లీ వేయించుకోవచ్చు. అవి మళ్లీ రావు.

2024 జూలై 19 గుర్తుందా? ఆ రోజు శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. కంప్యూటర్లను దాడుల నుండి కాపాడే క్రౌడ్‌స్ట్రైక్ సాఫ్ట్‌వేర్‌కు వచ్చిన ఒక అప్‌డేట్‌లో తప్పు దొర్లింది. ఆ సాఫ్ట్‌వేర్ విండోస్ మొదలయ్యేటప్పుడే పనిలోకి దిగుతుంది కాబట్టి, ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటర్ ఆగిపోయింది. అలా సుమారు 85 లక్షల కంప్యూటర్లు పడిపోయాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. దానికి చెప్పిన వైద్యం ఏమిటి? సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆ ఒక్క ఫైలు తీసేసి, మళ్లీ ఆన్ చేయడం. ఫార్మాట్ కాదు.

నీలి తెర వస్తే యంత్రం చచ్చిపోయినట్టు కాదు. ముందుకు పోతే సమాచారం పాడవుతుందేమోనని విండోస్ తనంతట తానే ఆగుతుంది. తెర మీది కోడ్‌ను ఫోన్‌తో ఫోటో తీసుకోండి. పెన్‌డ్రైవ్, ప్రింటర్ పీకేయండి. ఈమధ్య ఏం మార్చారో గుర్తుచేసుకోండి: కొత్త ర్యామా, కొత్త సాఫ్ట్‌వేరా, అప్‌డేటా?

విండోస్ 10, 11లో ఆన్ అవుతుండగా పవర్ బటన్ నొక్కిపట్టి రెండు మూడుసార్లు ఆపితే రికవరీ తెర వస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ వరుసగా తెరిచి, రీస్టార్ట్ అయ్యాక 4 నొక్కితే సేఫ్ మోడ్ వస్తుంది. ముందు ఫైళ్లు వేరే డిస్కులోకి కాపీ చేసుకోండి. తర్వాతే కొత్తగా వేసినదాన్ని తీసేయండి. బిట్‌లాకర్ ఉంటే 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. కంప్యూటర్ బాగున్నప్పుడే దాన్ని కాగితం మీద రాసి దాచుకోండి.

ఫార్మాట్ తప్పని రోజులూ ఉంటాయి. హార్డ్‌డిస్క్ టకటకమని శబ్దం చేస్తుంటే మాటిమాటికీ ఆన్ చేయకండి. షాపులో, "ముందు డేటా తీయండి, ఆ తర్వాతే ఏదైనా" అని గట్టిగా చెప్పండి.

ఇంకొక మాట. ఆ జూలైలో తప్పు అప్‌డేట్‌ను కంపెనీ గంటన్నర లోపే వెనక్కి తీసుకుంది. అయినా చాలాచోట్ల బాగుచేయడానికి రోజులు పట్టింది. పడిపోయిన యంత్రాల్లో చాలావాటి ముందు ఒక మనిషి కూర్చోవలసి వచ్చింది. హైదరాబాద్‌లో, బెంగళూరులో ఉన్న మన పిల్లలు కూడా ఆన్ కాని కంప్యూటర్‌ను అక్కడి నుండి బాగుచేయలేరు. కాబట్టి ఊళ్లో ఉన్న యౌవనస్థులారా, ఎవరింట్లోనైనా ఇలా జరిగిందని వింటే ఓ అరగంట వెళ్లి పక్కన కూర్చోండి. ఆ అరగంట ఒక అవ్వకు తన ఇంటాయన ఫోటోను మిగల్చవచ్చు.