గుడికి పేరొచ్చింది, ఊరికేమొచ్చింది?

ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప గుడిని 2021 జూలై 25న యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అంతకుముందు తెలుగు రాష్ట్రాలలో మరే కట్టడానికీ దక్కని గౌరవమిది. జిల్లా అంతా సంబరపడింది. పడవలసిందే.

అయితే అదే సమావేశంలో నాలుగు రోజుల ముందు జరిగిన మరో సంగతిని చాలామంది పట్టించుకోలేదు. ఇంగ్లండులోని లివర్‌పూల్ రేవు ప్రాంతాన్ని ఆ జాబితా నుంచి తొలగించారు. రేవు ఒడ్డున కొత్త కట్టడాలు లేపి పాత రూపు చెడగొట్టారన్నది కారణం. ఇచ్చినవారే తీసుకోనూ గలరన్న మాట. గుడి చుట్టూ హోటళ్లు, దుకాణాల వరుసలు లేపడమే అభివృద్ధి అనుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకుంటే మంచిది.

రామప్ప అంటే గుడి ఒక్కటే కాదు. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో ఈ గుడి కట్టించినట్లు శాసనం చెబుతోంది. పక్కనున్న చెరువూ కాకతీయుల నాటిదే. గుడి, చెరువు, చెరువు కింది పొలం కలిస్తేనే ఆనాటి ఊరు. ఎనిమిది వందల ఏళ్లు గడిచినా ఆ నీటితోనే వరి పండుతోంది. చెరువులో ప్లాస్టిక్ చెత్త పడితే నష్టపోయేది చూడవచ్చినవారు కాదు, ఆయకట్టు రైతు.

గుడి పునాదిలో ఇసుక నింపారు. శిఖరానికి నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు వాడారు. ఇలాంటి కట్టడానికి బరువు బండ్ల అదురు మంచిది కాదు. బస్సులు, కార్లు దూరంగానే ఆపించాలి. అక్కడి నుంచి ముసలివారిని, నడవలేనివారిని బ్యాటరీ బండ్లలో తీసుకుపోవచ్చు. వాటిని నడిపే పని ఊరి కుర్రవాళ్లకే ఇవ్వాలి.

చట్టం ప్రకారం రక్షిత కట్టడానికి నూరు మీటర్ల లోపల కొత్త నిర్మాణం కుదరదు. ఆపైన రెండు వందల మీటర్ల వరకు అనుమతి కావాలి. చట్టం అవసరమే. కానీ గోడ కూలిన పేదవాడు మరమ్మతు అనుమతి కోసం ఎక్కడికి పోవాలి? నెలకొక రోజు మండల కార్యాలయంలోనే ఆ దరఖాస్తులు తీసుకునే ఏర్పాటు చేయడం పెద్ద పనేమీ కాదు. గుడిని కాపాడే భారమంతా దాని పక్కన కాపురమున్న పాపానికి ఊరివారే మోయాలనడం న్యాయం కాదు.

ఇక రాబడి మాట. ఉదయం వచ్చి సాయంత్రానికి హనుమకొండ చేరుకునే యాత్రికుడి వల్ల ఊరికి మిగిలేది చెత్తే. అతను ఒక పూట ఇక్కడ భోంచేసి, ఒక రాత్రి ఊళ్లోనే నిద్ర చేస్తే నాలుగు ఇళ్లకు కూడు దొరుకుతుంది. ఐక్యరాజ్య సమితి పర్యాటక సంస్థ 2021లోనే ఉత్తమ పర్యాటక గ్రామంగా ఎంపిక చేసిన భూదాన్ పోచంపల్లిలో యాత్రికుడు మగ్గం చూస్తాడు, నేసిన ఇంటి వద్దే చీర కొంటాడు. పాలంపేటలోనూ భోజనశాల మహిళా సంఘాలకు, గైడు పని చదువుకున్న స్థానిక యువకులకు దక్కాలి. నటరాజ రామకృష్ణ పేరిణి నృత్యానికి మళ్లీ ప్రాణం పోసింది ఈ గుడి శిల్పాలు చూసే. ఆ నృత్యాన్ని ఈ ఊరి బడిపిల్లలకు నేర్పించడానికి అడ్డేమిటి?

మేడారం జాతర ఏడు లక్షలాది జనం ఈ జిల్లాకు వస్తారు. చాలామంది రామప్పనూ చూసిపోతారు. వచ్చే జాతరకు ముందే పురావస్తు శాఖ, పర్యాటక శాఖ, పంచాయతీ ఒకచోట కూర్చోవాలి. ఆ కూర్చునేది పాలంపేట గ్రామసభలోనే కావాలి. హైదరాబాదులో అయితే ఊరివారికి బస్సు చార్జీల ఖర్చే మిగులుతుంది.