గ్రహణమునాఁటి గుంటూరు

గ్రహణము పట్టఁగనే మనము పాత్రలపై దర్భలు వేసి, పిల్లలను లోనికిఁ బిలిచి తలుపులు మూయుదుము.

1868వ సంవత్సరము ఆగస్టు 18వ తేదీని మన గుంటూరున సంపూర్ణ సూర్యగ్రహణము పట్టెను. దానిని జూచుటకై ఫ్రాన్సునుండి జాన్సెన్ అను ఖగోళశాస్త్రజ్ఞుఁడు వచ్చి, దూరదర్శినికి వెలుఁగును రంగులుగా విడఁదీయు యంత్రమును గూర్చెను. సూర్యుని యంచున నెగయు జ్వాలలు వేఁడి వాయువులని యా రంగుగీతలే తెలిపినవి. గీతలు మిక్కిలి ప్రకాశించుటచే గ్రహణము లేకున్నను గనఁబడునని తలఁచి, మఱునాఁడే యాతఁడు వానిని మరలఁ జూచెను. ఆ గ్రహణమునఁ గనఁబడిన పసుపుగీత హీలియమను క్రొత్త వాయువుదని పిమ్మటఁ దేలెను. 1895లో రామ్సే దానిని భూమిపైఁ గనుఁగొనెను.

స్నానజపములు మానవలదు, వట్టికంట సూర్యునిఁ జూడవలదు. కాని ఆడపిల్ల “అమ్మా, సూర్యున కేమైనది?” అని యడిగినచో “నీకేల?” యనక, మన ప్రత్తిసీమలో జరిగిన యీ కథ చెప్పుఁడు.