పంచుకొనదగినవి ఏవి?



ఇంటర్నెట్టులో సినిమాలు, పుస్తకాలు ఒకరి కంప్యూటరు నుండి మరొకరు తెచ్చుకొనుట దొంగతనమా, కాదా అని మా హోసూరులో పెద్దలకును కుర్రవారికిని తరచు వాదము జరుగుచున్నది. ఇరుపక్షములవారును అన్నింటిని ఒకే గాటను కట్టుచున్నారని తోచి, తమ పత్రికాముఖమున నాలుగు మాటలు మనవి చేయుచున్నాను.

సినిమాల విషయమున నాకు సందేహము లేదు. టొరెంటు పద్ధతిలో ఒక చిత్రమును చిన్న చిన్న ముక్కలుగా పలువురి యంత్రముల నుండి తెచ్చుకొందురు. వచ్చిన ముక్కను మన యంత్రము ఆ క్షణముననే ఇతరులకు పంపుచుండును. "మావాడు ఊరకే చూచుచున్నాడు" అను తల్లిదండ్రులు ఇది గమనింపవలెను. వాడు పంచుచున్నాడు కూడ. కాపీరైటు చట్టము 63వ సెక్షను క్రింద తెలిసి చేసిన అతిక్రమణకు ఆరు నెలల నుండి మూడేండ్ల వరకు ఖైదు, 50 వేల నుండి 2 లక్షల రూపాయల వరకు జరిమానా గలవు. వ్యాపారలాభమునకు కానిచో కోర్టువారు తగ్గింపవచ్చును, తగ్గించి తీరవలెనని లేదు. 2013లో 'అత్తారింటికి దారేది' చిత్రము సగము విడుదలకు ముందే బయటపడగా, నిర్మాత తేదీనే ముందుకు జరుపుకొనవలసి వచ్చినది. ఇది ఏ వాదముతోను సమర్థింపదగినది కాదు.

పుస్తకాల సంగతి వేరు. 2006 చట్టము వలన ఈ రాష్ట్రములో పిల్లలకు బడిలో తమిళము తప్పనిసరి. నేర్చుటకు మాకు అభ్యంతరము లేదు. తరతరాలుగా ఈ గడ్డ అన్నమే తినుచున్నాము. అయితే తెలుగు చదువు ఇంటిలోనే సాగవలసియున్నది. బెజవాడ అంగళ్లకు వ్రాసిన, అడిగిన పుస్తకములలో సగమునకు ప్రతులు లేవని జవాబు. అప్పుడు కుర్రవారు ఎవరో స్కాను చేసిన ప్రతిని తెచ్చి ఇత్తురు. తప్పా, ఒప్పా?

చట్టము ప్రకారము రచయిత మరణించిన సంవత్సరము ముగిసిన పిదప 60 ఏండ్లు హక్కు నిలుచును. పూర్వము 50 ఏండ్లే. రవీంద్రుని రచనల గడువు తీరు తరుణమున, 1992లో అందరికిని కలిపి పెంచిరి. గురజాడ, వీరేశలింగము పంతులుగార్ల రచనలను ఎవరైనను నిర్భయముగా అచ్చువేసుకొనవచ్చును, పంచుకొనవచ్చును. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారు 1961లో గతించిరి గనుక 2022 జనవరి 1 నుండి వారి కథలును అంతే. విశ్వనాథవారి నవలలకు 2036 చివరివరకు ఆగవలెను. పాతదైన చాలునని భ్రమపడరాదు. 'మాయాబజార్' 1957 నాటిది. చిత్రముపై హక్కు 2017తో తీరినను, 1971లో పోయిన పింగళివారి పాటల సాహిత్యముపై హక్కు 2031 వరకు ఉండును. ఇంతటి చిక్కు మా దస్తరములలోను చూడలేదు!

మిగిలినవి హక్కు తీరక, అచ్చులోను లేని పుస్తకములు. వీనిలో పలువురి వారసులకు తమకట్టి హక్కు కలదనియే తెలియదు. హక్కుదారు దొరకనిచో ప్రచురణకు అనుమతి కోరుటకు 31-ఎ సెక్షను దారి చూపుచున్నది. కాని అందుకై కోర్టు మెట్లెక్కు గ్రంథాలయము ఏది? పదేండ్లుగా పునర్ముద్రణ లేని పుస్తకమును పౌర గ్రంథాలయములు స్కాను చేసి చదువరులకిచ్చి, వారసులు అడిగిననాడు తగిన రుసుము చెల్లించునట్లు కేంద్రప్రభుత్వమువారు చట్టమును సవరింపవలెను. ఈలోగా ప్రచురణకర్తలు తమ బీరువాలలోని పాత పుస్తకములను కొద్ది వెలకు ఇంటర్నెట్టులో ఉంచినచో, మావంటివారు సంతోషముగా కొనుక్కొందుము.

ఇట్లు,
రిటైర్డు గుమాస్తా,
హోసూరు