డ్రిఫ్టింగ్ నేర్చుకుంటారా? కరీంనగర్‌లో చోటేదీ?

శంషాబాద్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డుపై కార్లతో స్టంట్లు చేసినోళ్లను 2025 ఫిబ్రవరిలో పోలీసులు పట్టుకున్నారు. కరీంనగర్‌లోనూ 2023లో తెరిచిన తీగల వంతెన లాంటి నున్నటి రోడ్డు చూస్తే రీల్స్ పిచ్చోళ్ల చేయి ఊరుకోదు. అసలు డ్రిఫ్టింగ్‌కు ఇంజిన్ బలం వెనక చక్రాలకు అందే కారు ఉండాలి. మన దగ్గర ఎక్కువగా తిరిగే స్విఫ్ట్, ఐ20లలో ఆ బలం ముందు చక్రాలకే. హ్యాండ్‌బ్రేక్ గుంజితే బండి జారుతుందంతే! కొత్తోళ్లు మొదలుపెట్టాల్సింది ఖాళీ మైదానంలో, తడి నేలపై, తక్కువ స్పీడులో, పక్కన కోచ్‌తో. వెనక భాగం ఎటు జారితే స్టీరింగ్ అటే తిప్పడం తొలి పాఠం. పేరున్న ట్రాక్‌లేమో చెన్నై, కోయంబత్తూర్‌లలో. కేసులు సరే, ఇక్కడ చోటు చూపించేదెవరు? రోడ్డుపై ప్రమాదకరంగా నడిపితే మొదటిసారికే ఏడాది దాకా జైలు పడొచ్చు. మైనర్‌కు బండిస్తే తల్లిదండ్రులకు మూడేళ్ల దాకా జైలు, రూ.25 వేల జరిమానా.