కానరాని గాయము

మదీనాగూడలో ముంబాయి రహదారిపై స్కూటరునుండి పడిన మా పొరుగింటి కోడలికి నెత్తురు రాలేదు. స్కానింగులో దోషమేమియు గానరాలేదు. నెల గడచినను, లేచి నిలిచినంతనే గుండెదడ, తలతిరుగుడు. నిద్రలేమి, కారణములేని కన్నీరు. సోమరితనమని అత్తగారనిరి, మేమును మొదట నట్లే తలచి నేడు సిగ్గుపడుచున్నాము.

గుండెవేగమును, రక్తపుపోటును మన ప్రయత్నము లేకయే నడపు స్వయంచోదిత నాడీమండలము స్వల్పమైన తలదెబ్బకును అదుపు తప్పవచ్చును. మనోదైన్యమును దానివెంట రావచ్చును. చాలమందికి 3 నెలలలోపల నెమ్మదించును. తగ్గనివారికి చికిత్స కలదు. కావున నిందింపక వైద్యునికడకు గొనిపొండు. దిగులు మిక్కుటమైనచో, 2022లో వెలసిన టెలిమానస్‌ 14416కు ఫోను చేయుడు, తెలుగున మాటాడుదురు. గాయము కానరానంతమాత్రమున బాధ లేదనరాదు.