వేణువు పలికిన ఋణం
1934లో మెల్బోర్న్ ఉపాధ్యాయిని మేరియన్ సింక్లెయిర్ గర్ల్ గైడ్స్ పోటీకి పంపిన ‘కూకబర్రా’ పాట ఇక్కడి బడిపిల్లలకు కంఠోపాఠం. 1981లో ‘మెన్ ఎట్ వర్క్’ వారి రాక్ గీతం ‘డౌన్ అండర్’లో, ఆస్ట్రేలియా పరిమళం అద్దడానికి గ్రెగ్ హామ్ వేణువుపై పలికించిన వరుసలో ఆ పాట ఛాయ ఉంది. 1988లో మరణించేవరకు సింక్లెయిర్ దావా వేయలేదు. తరువాత హక్కులు కొన్న సంస్థ వేసింది. 2010లో ఫెడరల్ కోర్టు, 2002 నుంచి రాయల్టీలో 5 శాతం చెల్లించమన్నది.

చౌర్యమని కొందరు, ప్రభావమని కొందరు అభిమానులు వాదించుకుంటారు. నా దృష్టిలో అది చెప్పకుండా ఉంచుకున్న ఋణం. వ్యాసుని ఋణాన్ని కవిత్రయం దాచలేదు. అందువల్ల వారి ప్రతిభ తగ్గలేదు. రికార్డు అట్టమీద సింక్లెయిర్ పేరు ఒక్కటి ఉండి ఉంటే, కాపీ కొట్టినవాడిగా గుర్తుండిపోతానన్న దిగులు 2012లో పోయిన హామ్‌కు మిగిలేది కాదు.